సింగన్నకు జరిగిన మర్యాద

ఆకాశమంత చెరువు గట్టున లక్ష కొంగలుండేవి. ఒక్కటి తగ్గినా నా పళ్లన్నీ రాలిపోవాలి, ఉన్నవి రెండే అనుకోండి.

ఒకనాడు ఏనుగంత అడవిపిల్లి వాటి గూళ్ల మీద పడింది. సింగన్న అనే కొంగ ఒక్కడే ఏడు రోజులు దానితో పోరాడి పిల్లలందరినీ కాపాడాడు. పిల్లి పోతూ పోతూ అతని ఎడమకాలు కొరుక్కుపోయింది.

ఒంటికాలితో బురదలో నడిచి చేపలు పట్టడం కుదరదు. పొట్ట వీపుకంటుకున్నాక సింగన్న కొంగల పెద్దను అడిగాడు.

"పెద్దయ్యా, రోజుకో చేప నా ముందు పడేయించండి, చాలు."

"చేపేంట్రా, చేప! రేపటి నుంచి రోజూ పొద్దున్నే నీ గౌరవార్థం జాతి మొత్తం ఒంటికాలి మీద నిలబడుతుంది."

"మనం రోజూ నిలబడేది అలాగే కదా?"

"ఇన్నాళ్లూ ఊరికే నిలబడ్డాం. ఇక నీకోసం నిలబడతాం."

మర్నాడు అందరూ ఒంటికాలి మీద నిలబడ్డారు. సింగన్న కాపాడిన కుర్రకొంగ పక్కనే చేరి, "చూశావా బాబాయ్, నీకూ మాకూ ఇక తేడానే లేదు!" అంది.

ఎండెక్కి చేపలు ఎగిరాయి. తొంభైతొమ్మిది వేల తొమ్మిది వందల తొంభైతొమ్మిది కాళ్లు ఒక్కసారే నేలకు దిగాయి. అందరూ నీళ్లలోకి నడిచి వెళ్లిపోయారు. గట్టు మీద సింగన్న ఒక్కడే మిగిలాడు.

పెద్ద ఒక చేప మింగి వెనక్కి చూశాడు.

"చూసి నేర్చుకోండర్రా! మర్యాదంటే అదీ. ఇంకా నిలబడే ఉన్నాడు."