మొదటి వంద వరుసలు

మేం నలుగురు స్నేహితులం కలిసి రాసి, అందరికీ ఉచితంగా పెట్టిన, పట్టికల్లోని వివరాలు వెతికిచ్చే ఎస్‌క్యూఎల్ ప్రోగ్రాం మీద పోయిన వారం ఎవరో ఫిర్యాదు పెట్టారు. కాలమ్‌లో పేర్లు మాయమవుతున్నాయట. సరిగ్గా చదవకుండానే నా మారుపేరుతో జవాబు కొట్టాను: "తప్పు ప్రోగ్రాంలో లేదు, మీ బుర్రలో ఉంది. ఓనమాలు దిద్దుకుని రండి." మిగతా ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

ఇవాళ అక్క పనిచేసే ఆసుపత్రికి వెళ్తే, రికార్డుల గదిలో కూర్చుని రోగుల "పడని మందు" కాలమ్‌ని రిజిస్టర్ చూసి చేత్తో రాస్తోంది.

"మా ప్రోగ్రాం ఉందిగా అక్కా?"

"అది ఖాళీ చూపిస్తోందిరా. ఆ ఖాళీ నమ్మి డాక్టరు అదే మందిస్తే మనిషి పోతాడు."

చూశాను. కాలమ్‌లో ఉండేవి అంకెలా అక్షరాలా అన్నది మొదటి వంద వరుసలు చూసి ప్రోగ్రామే ఊహించుకుంటుంది. ఆ వందా ఖాళీ. అంకెలే అని తేల్చేసుకుని, నూట మూడో రోగి దగ్గర మందు పేరు మింగేసింది. ఆ ఊహ రాసిపెట్టింది నేనే.

"చెప్పాల్సింది కదా!"

"ఫిర్యాదు పెట్టానురా. మీవాళ్ళలో ఎవరో ఓనమాలు దిద్దుకుని రమ్మన్నారు." సొరుగులోంచి కొత్త నోట్‌బుక్ తీసి చూపించింది. "దిద్దుకుంటున్నా."

తల కొట్టేసినట్టయింది.

"ఎవడక్కా వాడు?" అన్నాను.

"పోనీలేరా. తెలిస్తే నాకోసం స్నేహితుడితో గొడవ పెట్టుకుంటావనే నీకు చెప్పలేదు."