ఇంగ్లీషు ముక్క

"ఆ ఫోను లోపల పెట్టు నిబాల్దో. మళ్ళీ మోగిందంటే ఊరుకోను."

చేపల బజారులో పని ముగించుకుని నేరుగా ఇంగ్లీషు క్లాసుకొచ్చిన నిబాల్దో నవ్వి, ఫోను జేబులో వేసుకున్నాడు. కొత్తగా చేరినవాడు. అప్పుడే ఎన్ని పాఠాల మధ్యలోంచి లేచి చక్కాపోయాడో!

యాస్నా టీచర్ బోర్డు మీద 'కౌంట్ ఆన్' అని రాసింది.

"అంటే ఒకరి మీద భరోసా పెట్టుకోవడం. మా నాన్ననే చూడండి. కాళ్ళు పడిపోయాయి, కొండమీద ఇంట్లో ఉంటాడు. ఆయనకి దిక్కు నేనే. 'హి కౌంట్స్ ఆన్ మీ.' ఏదీ నిబాల్దో, నువ్వో వాక్యం చెప్పు."

"యు కెన్ కౌంట్ ఆన్ మీ, టీచర్."

అతను అనడమేమిటి, జేబులో ఫోను మోగడమేమిటి! చూసుకుని దిగ్గున లేచాడు. క్లాసంతా గొల్లుమంది.

"ఎవరయ్యా ఆ పిల్ల, అంత తొందరపెడుతోంది?" అన్నారెవరో వెనకనుంచి.

"అది కాదు టీచర్..."

"చాల్లే! భరోసా అంటే నీకేం తెలుసు? పో, మళ్ళీ రాకు."

అతని మొహం చిన్నబోయింది. అయినా పరుగెత్తాడు.

పాఠం పూర్తికాకముందే కిటికీలోంచి కమురు వాసన వచ్చింది. యాస్నా తొంగిచూసింది. నాన్న ఉండే కొండమీదే మంటలు!

ఆ కొండ మెట్లన్నీ ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. సందు మొదట్లోనే పోలీసులు ఆపేశారు.

"మా నాన్న లోపలున్నాడు! నడవలేడు! వదలండి బాబూ!"

"అమ్మాయ్! ఇటు, ఇటు!"

గోడవారన తడి దుప్పటి కప్పుకుని నాన్న! యాస్నా కావలించుకుని భోరుమంది.

"నేను రాలేకపోయాను నాన్నా!"

"ఎవరో మహానుభావుడు వీపున వేసుకుని దింపాడే. మళ్ళీ పక్కింటి ఎర్మిందా కోసం వెళ్ళాడు. ఆవిణ్ణి బయటికి తోశాడు గానీ, పైకప్పు అతని మీద కూలిపోయిందే..."

ఎదురుగా మంటలార్పేవాళ్ళు హెల్మెట్లు తీసి నిలబడ్డారు. ఈ వాల్పరైసో ఊళ్ళో వాళ్ళు జీతం బత్తెం లేని మనుషులు. కబురందితే చాలు, ఎవరి పని వాళ్ళు వదిలేసి పరుగెత్తుకొస్తారు. వాళ్ళ మధ్య నేలమీద నిండా దుప్పటి కప్పిన మనిషి.

"పేరైనా అడగలేదు" అన్నాడు నాన్న. "నేను భయంతో అరుస్తుంటే, 'ఏడవకు తాతా, నీకో ఇంగ్లీషు ముక్క నేర్పుతా, ఇవాళే నేర్చుకున్నా' అన్నాడు. దించేదాకా అదే అంటూ వచ్చాడు. నీకు తెలుసుగా, చెప్పమ్మా... 'యు కెన్ కౌంట్ ఆన్ మీ' అంటే ఏమిటి?"