పసుపు మరక

"మీ అమ్మకు చదువొచ్చా?"

కానిస్టేబుల్ శ్రీహరి అడిగాడు. నితిన్ తల ఊపాడు. జగిత్యాల ఆసుపత్రిలో ఎదుటి తలుపు వెనకకు అతని అమ్మ సత్యవ్వను తీసుకుపోయి చాలాసేపైంది. నర్సులు వస్తున్నారు, పోతున్నారు. వాళ్ల మొహాల్లోకి చూడాలంటేనే అతనికి భయంగా ఉంది.

"రాకేంది సార్?" పెద్దమ్మ ముత్తమ్మ అందుకుంది. "మా చెల్లె పోయినేడే నేర్చుకున్నది, ఆడోళ్ల సంఘంల. మొగడు పోయినంక. ఇప్పుడు బస్సు బోర్డులు చదువుతది, పెండ్లి కార్డులు చదువుతది. మా గల్లీల ఎవలకు కరెంటు బిల్లు అచ్చినా దానికాడికే తెస్తరు."

గొప్పగానే చెప్పింది. కానిస్టేబుల్ మొహం మాత్రం మారింది.

సత్యవ్వ తాగిన సీసా అతని చేతిలో ఉంది. దాని వెనకవైపున్న సన్నటి ఇంగ్లిష్ అక్షరాలను కళ్లకు దగ్గరగా పెట్టుకొని కూడబలుక్కున్నాడు. "ఫ్లోర్... క్లీనర్. ఇల్లు తుడిచేది."

తల ఎత్తి ముత్తమ్మను చూశాడు.

"చదువొచ్చిన మనిషి గిదెందుకు తాగుతదమ్మా? తెల్వక తాగిందంటే ఎవలు నమ్ముతరు? ఇంట్ల లొల్లి ఏమన్న అయిందా?"

ముత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నితిన్ గోడకు ఆనుకున్నాడు.

అయింది. పొద్దున్నే అయింది.

నితిన్ కోరుట్లలో ఇంట్లోనే కూర్చుని పుస్తకాలకు ముఖచిత్రాలు వేస్తాడు. వచ్చిన డబ్బుతో మళ్లీ పుస్తకాలే కొంటాడు. కథల పుస్తకాలు కావు. అక్షరాలను ఎలా గీయాలో, పేజీని ఎలా తీర్చాలో చెప్పేవి. "అఆలు నేర్చుకునేటందుకు ఇన్ని పుస్తకాలేందిరా? మీ అమ్మ ఒక్కదాంతోనే నేర్చుకున్నది" అని ముత్తమ్మ ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది.

వాటిలో అన్నిటికంటే పెద్దది, పాతకాలపు అచ్చు పుస్తకాల సొగసంతా చూపించేది, పొద్దున బల్ల మీద తెరిచి ఉంది. వంట మధ్యలో వచ్చిన సత్యవ్వ దాని ముందు ఆగింది. వంగి చూసింది. పేజీ మీద వేలు పెట్టి, మెల్లగా జరుపుతూ పోయింది.

"గివి గూడ అక్షరాలేనారా?"

వేలికి పసుపు ఉంది. పేజీ నడిమధ్య మరక పడింది.

"ముట్టకు!" నితిన్ అరిచాడు. "నాలుగు బోర్డులు చదువంగనే అన్ని సమజైతయా నీకు? దాని విలువేందో ఎర్కేనా?"

సత్యవ్వ చేయి వెనక్కి తీసుకుంది. వేలిని కొంగుకు తుడుచుకుంది. పుస్తకాన్ని నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టినట్టు మూసి, లోపలికి పోయింది. అతను అలాగే బయటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ముత్తమ్మ ఫోన్. "మీ అమ్మ వాంతులు చేసుకుంటాందిరా. దబ్బున రా."

"సీసా ఎవలు తెచ్చిండ్రు?" కానిస్టేబుల్ గొంతు మళ్లీ వినిపించింది.

"నేనే సార్."

"ఏ దుకాన్ల?"

"దుకాన్ల కాదు. శ్రవణ్ అని మా దోస్తు. కొత్తగ చిన్న కంపెనీ పెట్టిండు."

"పైసల్ తీసుకోకుంట ఊకెనే ఇచ్చిండా?"

నితిన్ సీసా మీది నుంచి చూపు పక్కకు తిప్పుకున్నాడు. "ఇచ్చిండు సార్" అన్నాడు.

దాన్ని వంటింటి అరలో పెట్టింది కూడా అతనే. అందంగా ఉందని ముందు వరుసలో పెట్టాడు.

అమ్మ బతుకుతుందా అన్నది ఒక భయం. కళ్లు తెరిచి, "నీ మాటకే తాగిన" అంటుందేమో అన్నది ఇంకో భయం. రెండోది తలచుకుంటే అమ్మ బతకాలని దేవుడికి మొక్కడానికి కూడా చేతులు రావడం లేదు.

తలుపు తెరుచుకుని నర్సు బయటికి వచ్చింది.

"సత్యవ్వ మనుషులు ఎవలు? ప్రాణానికి భయం లేదు. ఎక్కువ మాట్లాడియ్యకుండ్రి."

ముత్తమ్మ గట్టిగా ఏడ్చింది. నితిన్ లోపలికి నడిచాడు. వెనకే కానిస్టేబుల్.

సత్యవ్వ పెదవులు వాచి ఉన్నాయి. కొడుకును చూసి ఏదో అనబోయింది. కానిస్టేబుల్ ముందుకు వచ్చాడు.

"ఎవలకు భయపడకమ్మా. ఎందుకు తాగినవ్?"

"దూపైంది సారూ."

"దూపైతే గిది తాగుతరా?"

"నిమ్మకాయ వాసన అచ్చింది. షర్బత్ అనుకున్న. నీళ్లల్ల కలుపుకున్న."

"నువ్వు చదువుతవు గదా అమ్మా!" నితిన్ మంచం మీదికి వంగాడు. "మీద రాసున్నది చూడలేదా?"

సత్యవ్వ కానిస్టేబుల్ చేతిలోని సీసా వైపు చూసింది. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"రాసున్నదా? యాడ కొడుకా? చుట్టు మొత్తం చూసిన. ముందట తీగలున్నయ్, పువ్వులున్నయ్. ఎనుకదాల ఇంగ్లీషు. తీగలు మంచిగున్నయని జెరసేపు చూసుకుంటనే నిలబడ్డ. అక్షరమైతే ఒక్కటి గూడ అగుపడలే."

కానిస్టేబుల్ మొదటిసారి సీసాను ముందువైపుకు తిప్పాడు. తల ఒక పక్కకు వాల్చి చూశాడు. ఇంకో పక్కకు వాల్చి చూశాడు. బల్ల మీద పెట్టేశాడు.

సత్యవ్వ కొడుకు చేయి పట్టుకుంది.

"నీ పుస్తకం కరాబైందారా?"

ఇవాళ పసుపు మరక పడిన ఆ పేజీనే ముందు పెట్టుకొని, పోయిన నెల శ్రవణ్ సీసా మీది తెలుగు పేరును తీగలు తీగలుగా గీసింది నితినే.