పదో నంబరోడు

"దిగరా తోకా, దిగు! ఆళ్లగడ్డ బస్సు పోతాది!"

అజయ్ కుమార్ అరుపుకు నంద్యాల జట్టంతా గొల్లున నవ్వింది. క్రీజులో ఉన్న ఆళ్లగడ్డ పదో నంబరు ఆటగాడు యోబు మాత్రం బెదరలేదు. బ్యాటుతో నేలను తట్టి మళ్లీ వంగి నిలబడ్డాడు.

రెండు రోజుల మ్యాచ్‌లో అది చివరి గంట. ఆళ్లగడ్డకు గెలిచే దారి ఎప్పుడో మూసుకుపోయింది. కానీ పొద్దువాలే దాకా ఆలౌట్ కాకుంటే మ్యాచ్ డ్రా. మొదటి ఇన్నింగ్స్‌లో ఎక్కువ పరుగులు చేశారు కాబట్టి కప్పు వాళ్లకే పోతుంది. మిగిలింది ఒక్క వికెట్టు. అది యోబు దగ్గర ఇరుక్కుపోయింది.

అజయ్‌కు ఒళ్లు మండిపోతోంది. ఊళ్లో అతనంత వేగంగా బంతి వేసేవాడు లేడు. ఓపెనర్లనే పరుగు పెట్టించిన తనను, బ్యాటు సరిగ్గా పట్టుకోవడం రానివాడు ఆపుతున్నాడు!

బంతి అందుకుని నేరుగా యోబు ముఖం దగ్గరికి వెళ్లాడు. "పదో నంబరోనివి. నీకెందుకురా ఇంత పట్టుదల?"

"వసీం అక్రమ్ ఎనిమిదో నంబర్లో వచ్చి టెస్టులో రెండొందల యాభై ఏడు కొట్నాడు. సిడ్నీలో అశ్విన్ ఒళ్లంతా దెబ్బలు తిని మ్యాచ్ నిలబెట్నాడు. కిందొచ్చినోళ్లంటే అంత అలుసా నీకు?"

"నువ్వేమన్నా అశ్విన్‌వా?"

"కాదులే. నువ్వు గూడా వాళ్లకేసిన బౌలరువేం కాదు గదప్పా."

ఈసారి నవ్వింది అంపైరు. అజయ్ చెవులు ఎర్రబడ్డాయి.

తరువాతి బంతి యోబు పక్కటెముకలకు తగిలింది. ఆ చప్పుడు హద్దు దాకా వినిపించింది. యోబు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, చేత్తో రుద్దుకుని, "ఇంతేనా?" అన్నాడు.

అజయ్ తిరిగి నడిచాడు. మిడాఫ్‌లో నిలబడిన కెప్టెన్ సురేష్ అతన్ని ఆపబోయాడు. "వికెట్లకు ఏయ్ అజయ్. కాళ్ల కాడ ఏయ్, పోతాడు."

"వికెట్లు ఎవునికి కావాల? వాని తల పగలాల."

దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టి, బంతిని పిచ్ మధ్యలో కొట్టాడు. అది నిటారుగా లేచింది. యోబు తల తిప్పుకున్నాడు. హెల్మెట్ కింద, చెవి వెనక తగిలింది. బ్యాటు ఒక పక్క పడింది, మనిషి ఒక పక్క పడిపోయాడు.

యోబు లేవలేదు.

హద్దు దగ్గర నుంచి అతని అన్న జాషువా పరుగున వచ్చాడు. తమ్ముణ్ని చూసి, తిన్నగా అజయ్ గొంతు పట్టుకున్నాడు. నలుగురు కలిసి విడిపించాల్సి వచ్చింది.

"మా వానికేమన్నా అయితే నిన్ను ఈన్నే పాతిపెడతా!"

యోబును కారులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆట అక్కడితో ఆగిపోయింది. సురేష్ అజయ్‌ను పక్కకు లాగి, "నువ్వు ఇంటికి పో. ఆడికి పోయినావంటే సంపుతారు" అన్నాడు.

అజయ్ ఇంటి దారి పట్టాడు. కొంత దూరం పోయాక బైకు ఆపాడు. చీకటి పడేదాకా రోడ్డు పక్కనే కూర్చున్నాడు. ఎంత వద్దనుకున్నా ఆ పడిన మనిషే కళ్లముందు కనబడుతున్నాడు. బైకు ఆసుపత్రి వైపు తిప్పాడు.

వరండాలో ఆళ్లగడ్డ కుర్రాళ్లు అతన్ని చూడగానే లేచి నిలబడ్డారు. "ఏం మొగం పెట్టుకోని వచ్చినావ్‌రా?" అంటూ ఒకడు గోడకేసి నెట్టాడు. అజయ్ ఎదురు తిరగలేదు.

అప్పుడే డాక్టరు గదిలోంచి జాషువా బయటికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుర్రాళ్లను పక్కకు జరగమని, అజయ్‌కు ఎదురుగా వచ్చి నిలిచాడు.

"నిజం చెప్పు. జారిందా, కావాలనే ఏసినావా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు అజయ్.

"కావాలనే ఏసినా అన్నా. తలకే ఏసినా."

జాషువా చెయ్యి లేచింది. అజయ్ కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. ఆ చెయ్యి వచ్చి అతని భుజం మీద బరువుగా ఆనింది.

"దెబ్బతో ఏం భయం లేదంట, మా వాడు కళ్లు తెరిచినాడు. కానీ స్కానింగ్ తీస్తే తలలో ఇంకో పక్క గడ్డ కనపడింది. ఇప్పుడైతే తీసేయొచ్చంటప్పా. ఈ బాలు తగలకపోయింటే, తెలిసే పొద్దుకు మావాడు మాకు దక్కేవాడు కాదంట."