నేను పోను, నువ్వే పో

కంప్యూటర్‌కు ఆజ్ఞలు టైప్ చేసే యూనిక్స్ షెల్‌లో, సొంతంగా రాసుకున్న ఫంక్షన్లనే చిన్న ప్రోగ్రాములను తీసేసే కమాండును కుల్సుం పరీక్షిస్తోంది. సార్‌కు చేసి చూపితేనే సిద్దిపేట కంప్యూటర్ సెంటర్‌లో ఆమె నౌకరి ఖాయమవుతుంది.

కమాండు కొట్టగానే తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పడింది: "నేను పోను. నువ్వే పో."

వెనక బెంచీలో మజహర్ కిసుక్కున నవ్వాడు. టెన్త్ తప్పి, నలభై ఏళ్లకు కంప్యూటర్ నేర్వొచ్చిన ఘనుడు.

"భాయ్, గిది నీ పనేనా?"

"గా కమాండు పేరే పెట్టి నీ మిషన్ల నా ఫంక్షన్ రాసిన బేటీ, గది కొడితే నాదే నడుస్తది. పరేషాన్ గాకు, తీసేస్త."

తీసేయాలన్నా ఆ కమాండే కొట్టాలి. కొట్టాడు. "నేను పోను. నువ్వే పో."

ఆ ఫంక్షన్ చెరిగిపోయేలా మిషన్ ఆపి మళ్లీ పెట్టేలోపే సార్ వచ్చి తెర చదివాడు. "ఏందమ్మా, నన్నే పొమ్మంటున్నవా?"

"ఆమెకేం తెల్వది సార్! నేనే రాసిన."

సార్ పగలబడి నవ్వాడు. "నీ పేరు కొట్టుడే నీకు రాదు. ఊకో మజహర్ భాయ్, నీ మజాకులు మాకు కొత్తనా?"

మజహర్ కసమ్ తిని ఒట్టు పెట్టినకొద్దీ గదంతా నవ్వింది.

నవ్వాపి సార్ తెరమీది "నువ్వే పో"ను కుల్సుంకు వేలితో చూపించాడు. ఆమె సంచి తీసుకుంది.