పలకతాతగారి పళ్ళు

“అమ్మా, ఆ తాడు దాటకండి! ఆడవారికి ప్రవేశం లేదండి.”

డాక్టర్ లావణ్య ఎత్తిన కాలు అలాగే దించేసింది. “నన్ను రమ్మని కబురు పెట్టింది మీరేనండీ.”

“ఆయ్, మేమేనండి. పళ్ళ డాక్టరుగారొస్తారన్నారు గానీ, ఆడ డాక్టరుగారని చెప్పలేదండి,” అన్నాడు సమాధి కమిటీ ప్రెసిడెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావు, నొచ్చుకుంటూనే. “తాతగారు పెట్టిన కట్టుబాటండి. ఏమీ అనుకోకండి. పళ్ళే మీ దగ్గరికొస్తాయి.”

కొత్తపేట దగ్గర కాలవగట్టు మీద రోడ్డు వెడల్పు చేస్తున్నారు. గట్టునున్న పలకతాతగారి సమాధిని వెనక్కి జరపాల్సి వచ్చింది. తవ్వి చూస్తే, తొంభై ఏళ్ళ తడికి ఎముకలన్నీ మట్టిలో కలిసిపోయి పళ్ళు మాత్రం మిగిలాయి. అదే అదనుగా పక్క ఊరివాళ్ళు లేచారు. తాతగారు పోయింది తమ ఊళ్ళోనని, ఈ పళ్ళు వేరెవరివో అని, కొత్త సమాధి తమ ఊళ్ళోనే కట్టాలని గొడవ. తాసీల్దారు తల పట్టుకుని, ఇవి మగమనిషి పళ్ళో ఆడమనిషి పళ్ళో, ఏ వయసువో, ముందు తెలిసినవాళ్ళ చేత రాయించుకు రమ్మన్నాడు.

కొబ్బరిచెట్టు కింద బల్ల వేశారు. ఇత్తడి పళ్ళెంలో తెల్లగుడ్డ మీద పదహారు పళ్ళూ ఊరేగింపుగా వచ్చాయి. ప్రెసిడెంటు స్వయంగా గొడుగు పట్టాడు. లావణ్యకి కాదు, పళ్ళకి.

“మగా ఆడా అని కొలవడమేంటండీ, మా పిచ్చిగానీ! తాతగారు పుట్టు బ్రహ్మచారి. జీవితంలో నోరు విప్పలేదు. ఏం చెప్పాలన్నా పలక మీద రాసేవారు. ఆడగాలి సోకకుండా బతికేరండి.”

“పళ్ళకి అవన్నీ తెలీవు కదండీ,” అంటూ లావణ్య కొలిచే పరికరం బయటికి తీసింది. “నాలుగు కోరపళ్ళూ దొరికాయి, అదృష్టం. మగవాళ్ళకి కోరపన్ను కాస్త వెడల్పుగా ఉంటుంది. తేడా అర మిల్లీమీటరే.”

కొలిచింది. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ కొలిచింది. దవడపళ్ళు కొలిచి, తిరిగి కోరపళ్ళ దగ్గరికొచ్చింది.

“బాగా అరిగాయి. వయసు అరవై దాటింది.”

“చూసేరా! తాతగారు వెళ్ళిపోయింది అరవై ఆరో ఏటండి!” ప్రెసిడెంటు మొహం వెలిగిపోయింది.

“కానీ ఇవి ఆడమనిషి పళ్ళలా ఉన్నాయండీ.”

గొడుగు ఓ పక్కకి ఒరిగిపోయింది.

“ఎండకి ఆ పరికరం ఏమన్నా సాగిందేమోనండి?”

“మూడుసార్లు కొలిచానండీ. పళ్ళు నూటికి నూరుపాళ్ళూ చెప్పలేవు. ఎనభై పాళ్ళు చెప్తాయి. ఆ ఎనభై ఆడమనిషి వైపే ఉన్నాయి.”

“మిగతా ఇరవై పాళ్ళూ రాసేయండమ్మా, మీకు పుణ్యముంటుంది! పక్కూరోళ్ళు మమ్మల్ని బతకనిస్తారా?”

లావణ్య తలెత్తి చూసింది. డెబ్బై ఏళ్ళ మనిషి కళ్ళలో నిజంగానే నీళ్ళు. చిన్నప్పటి నుంచీ ఆ సమాధి దగ్గర దీపం పెడుతున్నాడట. ఒక్క మాట మారిస్తే ఊరంతా చల్లగా ఉంటుంది. కలం కాగితం మీద కాసేపు ఆగింది.

“రేపు ఇంకొకరొచ్చి కొలుస్తారండీ. అప్పుడు నా పరువే కాదు, మీ మాట కూడా పోతుంది,” అని, ఉన్నది ఉన్నట్టే రాసి సంతకం పెట్టింది.

ప్రెసిడెంటు గొడుగు మడిచేశాడు. “అయితే పక్కూరోళ్ళ మాటే నిజమన్నమాట. ఇన్నేళ్ళూ మేం దీపం పెట్టింది ఎవరో ముక్కూ మొహం తెలీని ఆవిడకన్నమాట!”

“ఎవరో కాదు బాబూ. తాతగారే.”

అందరూ అటు తిరిగారు. తాడుకి బయట పూలమ్ముకునే పాపాయమ్మ. ఎనభై అయిదేళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా అక్కడే కూర్చుంటోంది. బుట్ట పక్కన పెట్టి మెల్లగా లేచొచ్చింది.

“నీకెలా తెలుసు?” ప్రెసిడెంటు ఎదురెళ్ళి అడిగాడు.

“మా అమ్మమ్మ చెప్పిందండి. ఎవరితోనూ అననని ఒట్టేయించుకుంది గానీ, పక్కూరోళ్ళు పట్టుకుపోతామంటుంటే ఇంకేం దాస్తాను? ఓ రోజు పాలు పొయ్యడానికి తాతగారి గుమ్మంలోకెళ్ళి, ఒక్క చూపులో కనిపెట్టేసిందంటండి. ఆ మర్నాడే ఆడోళ్ళు రాకూడదని కట్టుబాటు పెట్టేరు. మగోళ్ళతో ఏం భయం బాబూ, వందేళ్ళు ఎదురుగా కూర్చున్నా పోల్చుకోలేరు!”