గోడౌన్‌లో ఊపిరి

“ఇంకో కాగితం కావాలండీ,” అంది కస్టమ్స్ ఇన్‌స్పెక్టరమ్మ, అతని ముఖం చూడకుండా.

కిటికీకి అవతల నిలబడ్డ మనిషి విసుక్కోలేదు. “ఏ కాగితమో చెప్పండమ్మా, తెస్తాను,” అన్నాడు.

అతను స్కూలు వ్యాను డ్రైవరు. జబ్బు ఊరంతటినీ కమ్మేసి బళ్లు మూతపడటంతో వ్యాను ఖాళీగా ఉంది. పిల్లల ఆసుపత్రిలో డాక్టర్లకీ నర్సులకీ వార్డు దాటి బయటికొచ్చే తీరికే లేదు. అందుకని వాళ్ల తరఫున ఉత్తరం పట్టుకుని అతనే వచ్చాడు. ఎక్కడో పరాయి దేశంలో ఎవరో మహానుభావులు ఆ ఆసుపత్రికి ఊరికే పంపిన ఆక్సిజన్ మిషన్లు ఓడ దిగి, ఆమె వెనకున్న గోడౌన్‌లో అట్టపెట్టెల్లో పడి ఉన్నాయి.

విరాళంగా వచ్చిన సరుకుకి పన్ను లేదు. కాకపోతే అది పనికొచ్చే సరుకేనని ఆరోగ్య శాఖ రాసివ్వాలి. రాసివ్వాలంటే పెట్టె తెరిచి చూడాలంటుంది ఆరోగ్య శాఖ. రాసిచ్చేదాకా పెట్టె మీద చెయ్యి వెయ్యనివ్వమంటుంది కస్టమ్స్. ఈ రెండు ఆఫీసుల మధ్య ఆ మనిషి కాళ్లరిగేలా తిరుగుతున్నాడు.

“ఆసుపత్రిలో ఎలా ఉందండీ?” అని మొదటిరోజే అడిగిందామె.

“ఉన్న ఒక్క మిషన్నే పిల్లలకి మార్చి మార్చి పెడుతున్నారమ్మా. మా పాపది కూడా ఆ వార్డే. కిటికీ పక్క మంచం.”

“ఎన్నేళ్లు?”

“తొమ్మిది.”

ఇంట్లో తన కూతురికీ ఇంచుమించు అంతే.

ఆ సాయంత్రమే పై అధికారికి ఫోన్ చేసింది. ఆయన జబ్బుకి జడిసి ఇల్లు కదలడం మానేసి చాలా రోజులైంది.

“రూలు నువ్వు రాశావా, నేను రాశానా?” అన్నాడాయన. “పైనుంచి ఆర్డరు వచ్చేదాకా ఆగు. రేపు ఆ మిషను పాడుదై ఎవరైనా పోతే నీ మెడకే చుట్టుకుంటుంది.”

“ఇప్పుడు పోతున్నవాళ్ల సంగతేంటి సార్?”

“అది మన డిపార్టుమెంటు కాదు.” ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు భోజనం మానుకుని, స్కూటరు మీద తనే ఆరోగ్య శాఖకి వెళ్లింది. సారు లేరన్నారు. సారు వచ్చాక కంప్యూటరు పనిచెయ్యట్లేదన్నారు. కంప్యూటరు లేచేసరికి సారు మళ్లీ లేరు. ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

“నువ్వు మాత్రం ఏం చేస్తావు?” అన్నాడు భర్త. అది ఓదార్పో ఎత్తిపొడుపో ఆమెకి అర్థం కాలేదు.

ఆ కిటికీ దగ్గరికి ఎందరో వచ్చేవాళ్లు. మందుల కోసం వచ్చినవాళ్లు అరిచేవాళ్లు, ఏడ్చేవాళ్లు, ఆమె ఏడుతరాల్నీ శపించేవాళ్లు. ఫోన్ మోగగానే ఉన్నపళంగా ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లు. వ్యాను డ్రైవరు మాత్రం ఎదురుగోడకి చేరగిలబడి, షట్టరు దించేదాకా అలాగే కూర్చునేవాడు. ఏం గుండె నిబ్బరం ఈ మనిషిది అనుకునేదామె. ఫ్లాస్కులోని టీ అతనికో కప్పు పోసివ్వడం మొదలుపెట్టింది. ‘ఏమండీ’ కాస్తా ‘అన్నయ్యా’ అయింది.

పొద్దున్నే అతని ముఖం కనబడగానే ఆమె చేతిలో ఫైలు పక్కన పెట్టేసేది. అడగాలంటే భయం, అడక్కుండా ఉండలేదు.

“పాప ఎలా ఉంది అన్నయ్యా?”

“మార్పేం లేదమ్మా,” అనేవాడు తలొంచుకుని.

హమ్మయ్య అనుకునేది. ఇంకా టైముందన్నమాట.

“ఇక్కడ ఎంతసేపని పడిగాపులు పడతారు? పాప దగ్గరికి వెళ్లండి. ఏమైనా తెలిస్తే నేనే ఫోన్ చేస్తాను,” అని ఒకసారి కసిరింది కూడా.

“అక్కడ నేను చేసేదేముందమ్మా? ఇక్కడైతే కనీసం మీకు గుర్తు చేస్తుంటాను.”

ఆ మాట ఆమెకి చురుక్కుమని తగిలింది. ఆ రోజు పై అధికారికి ఇంకో నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఆఖరికి ఆయన ఎత్తడం మానేశాడు.

ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం, ఎవరి ప్రయత్నమూ లేకుండానే, పైనుంచి ఆర్డరు దిగింది. సాయం కింద వచ్చిన సరుకునంతా వెంటనే వదిలెయ్యమని రెండే రెండు వాక్యాలు. ఇన్నాళ్లూ ఆ రెండు వాక్యాల కోసమా అని ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తొందరలో ముద్ర వంకరగా పడింది. పడితే పడిందని పరుగున బయటికొచ్చింది.

“అన్నయ్యా, లేవండి! వచ్చేసింది!”

అతను లేచి వెళ్లి వ్యాను తలుపు తీశాడు. కూలీల కోసం చూడకుండా పెట్టెలకి ఆమె కూడా ఓ చెయ్యి వేసింది. సీట్లు తీసేసిన వ్యానులో ఒకదాని మీద ఒకటి పేర్చారు. చివరి పెట్టె ఎక్కేసరికి ఆమె చీర నిండా దుమ్ము, కళ్ల నిండా నీళ్లు.

“ముందు మన పాపకే పెట్టించండి. ఎవరేమన్నా సరే. రేపు నేనే వచ్చి, ఇంత ఆలస్యం చేసినందుకు పాపకి సారీ చెప్పుకుంటాను,” అంది.

అతను తలుపు గడియ వేసి, ఆమె భుజం తట్టబోయి, తాకకూడని రోజులని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఆలస్యం మీది కాదు తల్లీ, మా పాపని మట్టిలో పెట్టిన మర్నాడే కదా, నేను మొదటిసారి మీ దగ్గరికొచ్చింది.”